పుల్లటి నేలకు పూల దుప్పటి

ఎరువు వేస్తానంటే వద్దంటుంది. సారవంతమైన నేల ఇస్తానన్నా వద్దంటుంది. సున్నం తగిలిందా... ఆకులు పాలిపోయి అలిగి కూర్చుంటుంది. అదే, ఏ పంటా సరిగా పండని పుల్లటి మట్టిలో వదిలేస్తే మాత్రం కొండకు కొండే ఊదారంగు చీర కట్టుకున్నట్టు పూస్తుంది. స్కాట్లాండ్ కొండలకు అందం తెచ్చి, ఐరోపా ఇళ్ల పెరళ్లలోకి నడిచొచ్చిన హెదర్ మొక్క కథ ఇది.

మన దగ్గర శ్రావణ శుక్రవారాలకు చామంతుల ధర అడుగుతూ బజార్లో తిరిగే రోజులవి. సరిగ్గా అప్పుడే స్కాట్లాండ్‌లో కొండలు రంగు మారతాయి. ఏడాదిలో ఎక్కువ భాగం గోధుమ రంగులోనో, ముదురు ఆకుపచ్చగానో మబ్బు కింద ముడుచుకుని ఉండే ఆ గుట్టలు ఆగస్టు వచ్చేసరికి పాదం నుంచి శిఖరం దాకా ఊదాగా మారిపోతాయి. దగ్గరికి వెళ్లి చూస్తే కనిపించేది మోకాలెత్తు పొదలే. ఒక్కో పువ్వూ జొన్నగింజంత. అలాంటి పూలు ఒక్కో రెమ్మకీ పదుల కొద్దీ, కొండకి కోట్ల కొద్దీ!

ఎమిలీ బ్రాంటీ 1847లో రాసిన ‘వూథరింగ్ హైట్స్’ నవల చదివినవారికి ఇంగ్లాండ్‌లోని యార్క్‌షైర్ బీడుకొండలు గుర్తుండే ఉంటాయి. అక్కడ గాలిలో ఊగే పొదలూ ఇవే. చెట్టు నిలవని గాలి, పంట పండని నేల, ఎడతెగని వాన... ఇవే హెదర్‌కి పుట్టిల్లు. ఆ మాట గుర్తుంచుకుంటే చాలు, దాన్ని పెరట్లో పెంచడం చాలా తేలిక. మరచిపోతే ఎంత ముద్దుచేసినా బతకదు.

పేరు ఒకటే... మొక్కలు మూడు

వేసవిలో పూసే హెదర్ అంటే నిజానికి దగ్గరి చుట్టాలైన మూడు మొక్కలు. మొదటిది కొండలకు రంగేసే అసలు హెదర్. శాస్త్రీయ నామం కలూనా వల్గారిస్. జులై, ఆగస్టుల్లో మొదలుపెట్టి అక్టోబరు దాకా పూస్తుంది. మొదట్లో దీన్ని ఎరికా అనే పెద్ద కుటుంబంలోనే చూపేవారు. 1802లో సాలిస్‌బరీ అనే వృక్షశాస్త్రవేత్త వేరుచేసి కలూనా అని పేరుపెట్టాడు. ఊడ్చి శుభ్రం చేయడం అనే అర్థమున్న గ్రీకు మాట నుంచి వచ్చిందా పేరు. ఎందుకంటే... మనం కొండచీపురు కట్టుకున్నట్టే అక్కడివాళ్లు దీని రెమ్మలతో చీపుర్లు కట్టుకునేవారు. ఇళ్ల పైకప్పులకూ, పడకల కింద పరుపులకూ, నూలుకు రంగు అద్దడానికీ కూడా ఇదే ఆధారం.

రెండోది బెల్ హెదర్, అంటే ఎరికా సినీరియా. చిట్టి గంటల్లాంటి పూలు జూన్ నుంచే వస్తాయి. నీరు నిలవని పొడినేలంటే దీనికి ఇష్టం. మూడోది డబీషియా. ఐర్లండ్ పశ్చిమతీరంలోనూ స్పెయిన్ ఉత్తర ప్రాంతంలోనూ సహజంగా పెరుగుతుంది. మిగతా రెండింటికన్నా పెద్ద గంటలు దీనివి. డబియోక్ అనే ఐరిష్ సాధువు పేరు మీద వచ్చింది దీని పేరు.

శీతాకాలంలో పూసే హెదర్లూ ఉన్నాయి. వాటిలో ఎరికా కార్నియా లాంటివి కాస్త సున్నపు నేలనైనా సర్దుకుపోతాయి. వేసవి పూల జాతులు అలా కాదు. వాటికి పులుపు ఉండాల్సిందే.

ఎందుకంత పులుపు?

నేల పులుపును పీహెచ్ అనే కొలతతో చెబుతారు. 7 ఉంటే అటూ ఇటూ కాని తటస్థ నేల. అంతకన్నా తగ్గేకొద్దీ పులుపు, పెరిగేకొద్దీ క్షారం. ఒక్క అంకె తగ్గిందంటే పులుపు పదింతలైనట్టు. మన కాయగూరలు చాలావరకు 6 నుంచి 7 మధ్య సుఖంగా ఉంటాయి. హెదర్‌కి హాయిగా ఉండేది 4.5 నుంచి 5.5 దాకా. మనకు తెలిసిన మొక్కల్లో ఇలాంటి నాలుకే ఉన్నది తేయాకుకి.

కారణం ఇనుము. మట్టిలో ఇనుము ఉన్నంత మాత్రాన సరిపోదు, అది నీళ్లలో కరిగితేనే వేరు తాగగలదు. పుల్లటి నేలలో కరుగుతుంది. సున్నం ఎక్కువైతే గడ్డకట్టినట్టు ఉండిపోతుంది. అప్పుడు ఇనుము అందక కొత్త ఆకులు పసుపు రంగుకు తిరుగుతాయి. ఎదురుగా విస్తరి నిండా అన్నం ఉన్నా తినలేని పరిస్థితన్నమాట!

మరి అంత నిస్సారమైన మట్టిలో హెదర్ తినేదేమిటి? ఇక్కడే ఉంది అసలు చిత్రం. దీని వేళ్లు తలవెంట్రుకకన్నా సన్నగా ఉంటాయి. వాటి కణాల్లో ఒకరకం బూజు కాపురం ఉంటుంది. కుళ్లీకుళ్లని ఆకుల్లోనూ, నల్లటి పీట్ మట్టిలోనూ దాగివున్న నత్రజనిని ఆ బూజు విడగొట్టి మొక్కకు అందిస్తుంది. బదులుగా మొక్క తను తయారుచేసుకున్న చక్కెరలో కొంత వాటా ఇస్తుంది. వేరే మొక్కలు ఆకలితో చచ్చే చోట హెదర్ రాజ్యమేలడానికి ఈ ఒప్పందమే కారణం.

అందుకే ఎరువు వేస్తే మేలు కన్నా కీడే ఎక్కువ. ఎరువు తిన్న కొమ్మలు మెత్తగా, పొడుగ్గా సాగి గాలికి వాలిపోతాయి. పక్కనున్న గడ్డి బలిసి మొక్కను మింగేస్తుంది. నెదర్లాండ్స్‌లో ఇది దేశం మొత్తానికీ అనుభవమైంది. పశువుల కొట్టాల నుంచి గాల్లో కలిసిన అమోనియా వానతోపాటు హెదర్ బయళ్ల మీద పడింది. కోరని ఎరువు అలా అందడంతో పొదలు బలహీనపడి, పురుగు సోకి, ఎన్నో చోట్ల హెదర్ పోయి ఒట్టి గడ్డి మిగిలింది.

ఆరు నెలల వీసా మీద కొడుకు దగ్గరికో కూతురి దగ్గరికో బ్రిటన్ వెళ్లే అమ్మానాన్నలు ఊరికే కూర్చోరు కదా! పెరట్లో మెంతికూరా కొత్తిమీరా చల్లుతారు. మొక్క కాస్త వాడినట్టు కనిపిస్తే గుప్పెడు పేడ ఎరువు వేయడం వాళ్ల చేతికి అలవాటు. మెంతికూర సంతోషిస్తుంది. ఆ మూలనున్న హెదర్‌ని మాత్రం దాని మానాన వదిలేయడమే దానికి చేసే ఉపకారం.

ముందు మట్టినడగండి

నర్సరీలో పూలతో నిండిన కుండీ చూసి కొనేయడం కాదు, ముందు పెరటి మట్టి సంగతి తెలుసుకోవాలి. తోట సామాన్ల దుకాణాల్లో పీహెచ్ పరీక్ష కిట్లు చవగ్గానే దొరుకుతాయి. అదీ లేకపోతే వంటింటి చిట్కా ఒకటుంది. గుప్పెడు పొడిమట్టి మీద కాస్త వెనిగర్ పోయండి. బుసబుసమని నురగ వస్తే అందులో సున్నం ఉన్నట్టే. నురగ రాలేదంటే సున్నం పెద్దగా లేదని మాత్రమే అర్థం, పులుపు ఎంతుందో చెప్పడానికి కిట్ కావాల్సిందే.

ఇంకో తేలిక పద్ధతి, వీధిలో నడుస్తూ పక్కిళ్ల పెరళ్లు చూడటం. రోడోడెండ్రాన్లు, అజేలియాలు, కెమీలియాలు నిగనిగలాడుతున్నాయా... అక్కడి నేల పుల్లటిదే. హైడ్రాంజియా పూలు నీలంగా ఉంటే పులుపు, గులాబీ రంగులో ఉంటే సున్నం వైపు మొగ్గు. ఊటీ వెళ్లినవాళ్లు నీలిరంగు హైడ్రాంజియా గుత్తుల దగ్గర నిలబడి ఫొటోలు దిగే ఉంటారు. ఆ నీలం ఆ కొండమట్టి చలవే.

స్కాట్లాండ్, వేల్స్ కొండప్రాంతాల్లో చాలాచోట్ల నేల సహజంగానే పుల్లగా ఉంటుంది. ఎడతెగని వానలు మట్టిలోని సున్నాన్ని కడిగేస్తాయి. ఆగ్నేయ ఇంగ్లాండ్‌లో మాత్రం సుద్దరాతి నేలలు ఎక్కువ. అలాంటిచోట గంధకం పొడి కలిపి నేలను పుల్లగా మార్చాలని చూడటం నడిసముద్రంలో పంచదార కలిపినట్టే. కింద రాయి ఉన్నంతకాలం సున్నం పైకి వస్తూనే ఉంటుంది. ఫిల్టర్ కాఫీ పిప్పి వేస్తే నేల పుల్లబడుతుందని చాలామంది నమ్ముతారు కానీ, వాడేసిన పిప్పిలో అంత పులుపేమీ మిగలదు.

దారి లేదా అంటే ఉంది. కుండీలోనో, ఇటుకలతో ఎత్తుగా కట్టిన మడిలోనో పుల్లటి నేల మొక్కల కోసమే అమ్మే ఎరికేషియస్ కంపోస్ట్ నింపి పెంచుకోవచ్చు. నీళ్లు కూడా చూసుకోవాలి. సుద్దనేలల ఊళ్లలో కుళాయి నీళ్లలోనూ సున్నం ఉంటుంది. కెటిల్ అడుగున తెల్లగా పేరుకునేది అదే. పైకప్పు మీది వాననీటిని పీపాలో పట్టి పోస్తే హెదర్‌కి అంతకన్నా అమృతం లేదు.

నాటే పద్ధతి ఇదీ...

పూర్తిగా ఎండ పడే చోటు ఎంచుకోండి. నీడలో పెడితే బతుకుతుంది కానీ పూయదు. నాటడానికి అక్టోబరు, నవంబరు నెలలు గానీ మార్చి, ఏప్రిల్ గానీ మంచివి. మొక్కకీ మొక్కకీ 30 నుంచి 45 సెంటీమీటర్ల దూరం చాలు. ఒంటరిగా ఒక్కటి పెడితే వెలవెలపోతుంది. ఒకే రకానివి అయిదేసి, ఏడేసి గుంపుగా పెడితే రెండు మూడేళ్లలో కలిసిపోయి దుప్పటి పరిచినట్టుంటాయి. కింద కలుపు మొలవడానికి కూడా సందు ఉండదు.

కుండీ నుంచి తీశాక వేళ్ల ముద్దను కాస్త విడదీసి, అడుగు ఆకులు మట్టికి ఆనేంత లోతుగా నాటాలి. నేలను తాకిన కొమ్మలు అక్కడక్కడా వేళ్లూనుకుని మొక్క నిలదొక్కుకుంటుంది. పైన బెరడు ముక్కలు పరిస్తే తడి ఆరదు.

మొదటి వేసవి గండం. వేళ్లు సన్నం కాబట్టి మట్టి పూర్తిగా ఎండితే మళ్లీ కోలుకోవడం కష్టం. పైగా హెదర్ ఆకులు సూదుల్లా చిన్నవి. దాహమేసినా మందారంలా తల వాల్చి చెప్పదు. మనకు తెలిసేసరికి ఆలస్యమైపోతుంది. అలాగని నీళ్లు నిలవ ఉంచినా వేళ్లు కుళ్లిపోతాయి. మొదటి ఏడాది తడి చూసుకుంటే, తర్వాత నేలలో ఉన్నవాటికి వానే చాలు. కుండీల్లో ఉన్నవాటికి ఎప్పుడూ మనమే పోయాలి.

కత్తెర పడితేనే కళ

చలికాలంలో కొమ్మలు కత్తిరించి, ఆకు దూస్తేనే మల్లెతోట వేసవిలో విరగబూస్తుందని మన రైతులకు తెలుసు. హెదర్ సూత్రమూ అలాంటిదే. ఎండిన పూలను శీతాకాలమంతా అలాగే ఉండనివ్వాలి. మంచు నుంచి కొమ్మలకు అవే కాపలా. మార్చి, ఏప్రిల్‌లో కొత్త చిగురు రాకముందు ఆ ఎండుపూల కిందివరకు కత్తిరించాలి. ఆకుపచ్చ ఉన్నంతవరకే కత్తెర వెళ్లాలి. కింద కనిపించే ముదురు గోధుమరంగు చేవకొమ్మల దాకా కోస్తే అక్కడి నుంచి చాలావరకు చిగురు రాదు. ఏటా ఈ పని చేయని పొద నాలుగైదేళ్లకే కాళ్లు బారి, మధ్యలో బోడిగా తయారవుతుంది.

కొండల మీద ఈ కత్తెర ఎవరు పడుతున్నారంటారా? గొర్రెలు, నిప్పు! హెదర్ కొండలు చాలావరకు ఒకప్పటి అడవులే. వేల ఏళ్లుగా మనుషులు చెట్లు నరికి, మందలు మేపడంతో ఈ రూపానికి వచ్చాయి. జర్మనీలోని ల్యూనెబర్గ్ బయళ్లలో హైడ్‌ష్నుకే అనే గొర్రెల మందలు ఇప్పటికీ కొత్త చిగుళ్లు కొరుకుతూ పొదల్ని లేతగా ఉంచుతున్నాయి. స్కాట్లాండ్‌లో గ్రౌజ్ అనే కోడిజాతి పక్షికి లేత హెదరే ఆహారం. ఏటా ఆగస్టు 12న దాని వేట మొదలవుతుంది. ఆ పక్షుల కోసమని ముదురు పొదల్ని వంతులవారీగా కాల్చడం అక్కడ పాత ఆచారం. పొగ, పీట్ నేలలకు హాని అంటూ దీనిపై వివాదాలు నడిచాయి. చివరికి 2024లో స్కాట్లాండ్ పార్లమెంటు, ఈ మంటలకు లైసెన్సు ఉండాలంటూ చట్టం చేసింది.

ఏ రంగు కావాలి?

కలూనాలోనే వెయ్యికి పైగా రకాలున్నాయి. ‘కౌంటీ విక్లో’ లేత గులాబీ ముద్దపూలు. దాన్నుంచే పుట్టిన ‘కిన్‌లాక్‌రూయెల్’ మల్లెలా తెల్లన. ‘విక్‌వర్ ఫ్లేమ్’ అందమంతా ఆకులదే. వేసవిలో బంగారు, నారింజ రంగుల్లో ఉండి చలికి ఎర్రబారుతుంది. బెల్ హెదర్లలో ‘సి.డి.ఈసన్’ ముదురు గులాబీ రంగు.

కొనేముందు ఒక్క విషయం చూడండి. కొన్ని కొత్త రకాల మొగ్గలు ఎప్పటికీ విచ్చుకోవు. అందుకే నవంబరు, డిసెంబరు దాకా రంగు పోదు. కుండీలో చూడముచ్చటే కానీ తేనెటీగకు తలుపు మూసిన ఇల్లు అది. తీగకు తేనె అందాలనుకుంటే విచ్చుకునే ఒంటిరేకు రకాలు ఎంచుకోవాలి. స్కాట్లాండ్‌లో తేనె పెంపకందారులు ఆగస్టులో పెట్టెల్ని బండ్లకెత్తి మరీ హెదర్ కొండలకు తీసుకెళ్తారు. ఆ తేనె జెల్లీలా గట్టిగా ఉంటుంది. కదిపితే పలచబడి, వదిలేస్తే మళ్లీ గడ్డకడుతుంది. అందుకే పట్టును పిండి తీస్తారు.

అరుదుగా కనిపించే తెల్ల హెదర్ అంటే అదృష్టమని అక్కడి నమ్మకం. 1855 సెప్టెంబరులో స్కాట్లాండ్‌లోని బల్మోరల్‌లో విక్టోరియా రాణి పెద్దకూతురికి ప్రష్యా రాకుమారుడు పెళ్లి మాట చెప్పింది తెల్ల హెదర్ రెమ్మ చేతికిచ్చే! అప్పటినుంచీ పెళ్లికూతుళ్ల పూలగుత్తుల్లో దానికి చోటు దక్కింది.

ప్రేమతో పుట్టింటినే తవ్వితే...

పెరట్లో హెదర్‌ని పెంచేవారు ఒకప్పుడు మూటలకొద్దీ పీట్ కొనేవారు. పీట్ అంటే చిత్తడి నేలల్లో నాచు కుళ్లీకుళ్లక వేల ఏళ్లు పేరుకున్న నల్లటి మట్టి. పుల్లగా ఉంటుంది, తడి పట్టి ఉంచుతుంది. కానీ అది పెరిగేది ఏడాదికి సుమారు ఒక్క మిల్లీమీటరు. జానెడు లోతు తవ్వితే రెండు వందల ఏళ్ల కష్టం సంచిలోకి ఎక్కినట్టే. ప్రపంచ భూభాగంలో పీట్ నేలలు 3 శాతమే అయినా, భూమ్మీది అడవులన్నీ కలిసి దాచుకున్నదానికన్నా ఎక్కువ కార్బన్ వాటిలో ఉంది. తవ్వి ఆరబెడితే అదంతా గాల్లో కలుస్తుంది.

ఇంకా బాధాకరం ఏమిటంటే, ఆ పీట్ నేలలే హెదర్‌కి సొంత ఊళ్లు. ఇంట్లో పది కుండీలు పూయించడానికి కొండమీది పుట్టింటిని తవ్వుకొస్తున్నామన్నమాట! ఇంటితోటలకు పీట్ సంచుల అమ్మకాన్ని ఇంగ్లాండ్‌లో 2024 కల్లా ఆపేస్తామని అక్కడి ప్రభుత్వం 2022లో ప్రకటించింది. ఆ గడువులోగా చట్టం రాలేదు. చట్టం సంగతెలా ఉన్నా, బెరడు, కొబ్బరిపీచు, చెక్కపొట్టులతో చేసిన ఎరికేషియస్ కంపోస్ట్ ఇప్పుడు దుకాణాల్లో దొరుకుతోంది. సంచి మీద ‘పీట్ ఫ్రీ’ అన్న మాట ఉందో లేదో చూసి కొంటే చాలు.

చోటు మారితే మరో కష్టం. న్యూజిలాండ్‌లోని టోంగారిరో జాతీయ పార్కులో 1912లో జాన్ కలెన్ అనే అధికారి హెదర్ నాటించాడు. గ్రౌజ్ పక్షుల్ని తెచ్చి వేట సాగించాలని ఆయన ఆలోచన. పక్షులు నిలవలేదు, హెదర్ మాత్రం నిలిచింది! అగ్నిపర్వతాల వాలుల్లో అక్కడి సొంత మొక్కల్ని తోసేసి పాకిపోయింది. దాన్ని అదుపుచేయడానికి 1996 నుంచి హెదర్‌ని తినే పెంకుపురుగుల్ని ప్రత్యేకంగా వదలాల్సి వచ్చింది. సొంతూళ్లో కాపాడుకోవాల్సిన మొక్కే పరాయి ఊళ్లో కలుపు అయింది.

మన దగ్గర పెంచొచ్చా?

మైదాన ప్రాంతాల్లో కష్టమే. నల్లరేగడి క్షారం వైపు మొగ్గుతుంది. ఎర్రనేల కొంత నయమైనా 40 డిగ్రీలు దాటే ఎండకు హెదర్ తట్టుకోదు. అయితే దాని చుట్టాలు మనకు దూరమేం కాదు. నీలగిరుల్లో ఎర్రగా పూసే రోడోడెండ్రాన్, నొప్పుల నూనెకు పేరుబడ్డ వింటర్‌గ్రీన్ పొద రెండూ హెదర్ కుటుంబంలోవే.

మరి మన నర్సరీల్లో ‘మెక్సికన్ హెదర్’ అని అమ్మేది? సన్నటి ఆకులు, బుల్లి ఊదా పూలతో పార్కుల్లో దారుల పక్కన కనిపించే ఆ మొక్క కూఫియా. పేరులో తప్ప రక్తంలో హెదర్ లేదు. కూఫియా సొంత చుట్టాలు ఎవరో తెలుసా... గోరింట, దానిమ్మ! మన ఎండకు తట్టుకుని ఏడాది పొడవునా పూస్తుంది. హైదరాబాద్ బాల్కనీలో ఊదా అంచు కావాలంటే దాన్ని పెట్టుకోండి.

బ్రిటన్‌లోనో ఐర్లండ్‌లోనో మీ పిల్లలుంటే ఈసారి ఫోన్ చేసినప్పుడు పెరటి మట్టి మీద కాస్త వెనిగర్ పోసి చూడమనండి. నురగ రాకపోతే కిట్‌తో పీహెచ్ కొలిచి, ఎండ పడే మూల అయిదు మొక్కలు పెట్టమనండి. పేడ ఎరువు సంచి మాత్రం మెంతికూర మడి దగ్గరే ఉంచమని చెప్పడం మరచిపోకండి!